అద్దె కారు బీమా: ఎవరి పాలసీ, ఎవరికి రక్షణ

సెలవుల్లో కారు అద్దెకు తీసుకుని స్వయంగా నడుపుకొంటూ ఊళ్ళు చూడబోయే యాత్రికుడు రోజుకు అద్దె ఎంత, ఎన్ని కిలోమీటర్ల వరకు తిరగవచ్చు, డిపాజిట్ ఎంత కట్టాలి అన్న విషయాలు తప్పకుండా అడుగుతాడు గాని, ఆ కారు బీమా పాలసీ ఎవరి పేరిట ఉందో, ఏ అవసరం కోసం జారీ అయిందో, ప్రమాదం జరిగితే అది యజమానిని మాత్రమే కాపాడుతుందో, చక్రం పట్టిన వానిని కూడా కాపాడుతుందో అడగడం అరుదు. బీమా ఎంత మొత్తానికి ఉండాలన్న ప్రశ్న దీని తరువాతిది. తప్పు రకం పాలసీ ఉన్న కారుకు ఎంత పెద్ద మొత్తం రాసి ఉన్నా, ఆ అంకె అద్దెదారుకు అక్కరకు రాకపోవచ్చు.

ఈ విషయం అనంతపురం కరవు పీఠభూమికి దూరపు ముచ్చట కాదు. బెంగళూరు నుంచి హైదరాబాదు వెళ్ళే 44వ జాతీయ రహదారి కొడికొండ చెక్‌పోస్టు దగ్గర ఆంధ్రప్రదేశ్‌లో అడుగుపెట్టి, పెనుకొండ, అనంతపురం, గుత్తి మీదుగా సాగుతుంది. సొంతంగా నడుపుకొనే అద్దె కార్ల వ్యాపారంలో పేరు పడిన జూమ్‌కార్ సంస్థ 2013లో బెంగళూరులోనే పుట్టింది. ఆ నగరంలో కారు తీసుకున్నవారు లేపాక్షి వీరభద్రాలయానికి, పుట్టపర్తికి, కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమానుకు, తాడిపత్రి ఆలయాలకు, అక్కడినుంచి గండికోటకు ఒకటి రెండు రోజుల్లో వెళ్ళి వస్తారు. అనంతపురంలోనూ దసరాకు, సంక్రాంతికి ఇంటికి వచ్చిన పిల్లలు తల్లిదండ్రులను తిప్పడానికి తెలిసినవారి కారు అద్దెకు మాట్లాడుకోవడం పరిపాటి అయింది. ఎర్రమంచి దగ్గర 2019 నుంచి కియా కార్లు తయారవుతున్న నేల ఇది. కార్లు ఇక్కడికి కొత్త కాదు గాని, వాటి బీమా పత్రంలోని మాటలు ఇంకా కొత్తగానే ఉన్నాయి.

మొదట చట్టం సంగతి. మన దేశంలో మోటారు బీమాను తప్పనిసరి చేసిన నిబంధనలు 1939 నాటి మోటారు వాహనాల చట్టంలో ఉండగా, అవి 1946 జూలై 1 నుంచి అమలులోకి వచ్చాయి. ఇప్పుడు అదే విధిని 1988 చట్టంలోని 146వ సెక్షన్ విధిస్తున్నది. ఆ సెక్షన్ కోరేది థర్డ్ పార్టీ బీమా మాత్రమే. పాలసీ తీసుకున్న యజమాని ఒక పక్షం, బీమా సంస్థ రెండవ పక్షం కాగా, ఆ వాహనం వల్ల దెబ్బతిన్న బయటి మనిషి మూడవ పక్షం. ఆ మూడవ మనిషికి చెల్లించవలసిన పరిహారాన్ని భరించేది ఈ బీమా. ప్రాణనష్టానికి, గాయాలకు ఇందులో గరిష్ఠ పరిమితి లేదు, మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ ఎంత నిర్ణయిస్తే అంత. ఆస్తినష్టానికి మాత్రం కార్ల పాలసీలలో సాధారణంగా 7.5 లక్షల రూపాయల హద్దు ఉంటుంది. కారుకు జరిగిన నష్టాన్ని భరించే భాగాన్ని ఓన్ డ్యామేజ్ అంటారు, అంటే సొంత వాహన నష్టం. ఈ రెండూ కలిసినది ప్యాకేజీ పాలసీ. థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉన్న ప్రైవేటు కారులో కూర్చున్న బంధుమిత్రులకు ఆ పాలసీ కింద రక్షణ లేదని, ప్యాకేజీ పాలసీ అయితేనే వారికీ రక్షణ ఉంటుందని చాలామందికి తెలియదు. కుటుంబంతో ప్రయాణించేవారికి ఈ ఒక్క తేడా చాలా పెద్దది.

అసలు చిక్కు వినియోగం దగ్గర మొదలవుతుంది. ప్రతి పాలసీలోనూ వాహనాన్ని దేనికి వాడవచ్చో తెలిపే ఒక వాక్యం ఉంటుంది. ప్రైవేటు కారు పాలసీలో ఆ వాక్యం కారును అద్దెకు లేదా ప్రతిఫలానికి తిప్పడాన్ని స్పష్టంగా మినహాయిస్తుంది. అయినా సొంత కార్లను అద్దెకిచ్చేవారు ఉండడానికి కారణం ప్రీమియంలోనే కనిపిస్తుంది. 2022 జూన్ 1 నుంచి అమలైన థర్డ్ పార్టీ రేట్ల ప్రకారం 1000 సీసీ దాటి 1500 సీసీ లోపు ఉన్న ప్రైవేటు కారుకు ఏడాది ప్రీమియం 3,416 రూపాయలు కాగా, అదే ఇంజన్ ఉన్న టాక్సీకి 7,940 రూపాయలు, దానిపై ఒక్కో ప్రయాణికుడికి మరికొంత. రోడ్డు పన్ను, పర్మిట్ ఖర్చులు వేరు. ఆ ఖర్చును తప్పించుకోవడానికి యజమాని పన్నిన ఉపాయపు భారం చివరికి అద్దెదారు మీద పడుతుంది, అదీ అతనికి తెలియకుండానే.

చట్టబద్ధంగా నడిచే అద్దె కారును గుర్తుపట్టడం కష్టం కాదు. 1988 చట్టంలోని 75వ సెక్షన్ కింద కేంద్రం 1989లో రెంట్-ఎ-క్యాబ్ పథకం తెచ్చింది. దాని కింద లైసెన్సు పొందే సంస్థకు కనీసం 50 కార్లు, వాటికి అఖిల భారత టూరిస్టు పర్మిట్లు ఉండాలి. అటువంటి కారు నంబరు ప్లేటు నల్లగా, అక్షరాలు పసుపు రంగులో ఉంటాయి. డ్రైవరుతో సహా వచ్చే టాక్సీ ప్లేటు పసుపు, అక్షరాలు నలుపు. సొంత వాడకం కారుది తెల్ల ప్లేటు. తాళం చేతికిచ్చి మీరే నడుపుకోండి అన్న కారుకు తెల్ల ప్లేటు ఉన్నదంటే, దాని పాలసీలో అద్దె వినియోగానికి చోటు ఉన్నదా అని అక్కడే అడగవలసి ఉంటుంది. ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొడితే వాహనం తరగతి మోటార్ కారు అని ఉన్నదో, మోటార్ క్యాబ్ అని ఉన్నదో, బీమా ఏ తేదీ వరకు చెల్లుతుందో కనిపిస్తుంది. ఇంకా లోతుగా చూడదలచినవారు పాలసీ చివరి పేజీలలో ఐఎంటీ 35 అన్న అంకె కోసం వెదకవచ్చు. 2002 నాటి భారత మోటారు టారిఫ్‌లో, వాహనాన్ని అద్దెకు తీసుకున్నవాడే నడుపుతున్నప్పుడు కూడా పాలసీ చెల్లుతుందని చెప్పే అనుబంధ షరతు అది. అద్దెకు తీసుకున్నవాడే కారును కాజేస్తే ఆ నష్టం మాత్రం దాని కిందికి రాదు.

ఈ షరతులు కాగితం మీది మాటలుగా మిగిలిపోలేదు. ప్రైవేటు పాలసీ ఉన్న కారును అద్దెకు తిప్పగా జరిగిన ప్రమాదం కేసులో బీమా సంస్థ పూర్తిగా చేతులు దులుపుకోరాదని, న్యాయంగా రావలసిన దానిలో 75 శాతం వరకు చెల్లించే పద్ధతిని పాటించాలని సుప్రీంకోర్టు 2010లో చెప్పింది. యజమానికి అది ఊరటే అయినా, మిగిలిన పావు వంతును అతడు ఎవరి దగ్గర వసూలు చేసుకుంటాడో ఊహించడం కష్టం కాదు. పర్మిట్ లేకుండా రవాణా వాహనాన్ని తిప్పడం పాలసీకి మౌలిక ఉల్లంఘన అని, అటువంటి సందర్భంలో బీమా సంస్థ బాధితునికి ముందు చెల్లించి తరువాత ఆ సొమ్మును యజమాని నుంచి రాబట్టుకోవచ్చునని అదే కోర్టు 2018లో తీర్పు చెప్పింది. కర్ణాటక కారు కొడికొండ దాటి ఇవతలికి వస్తున్నప్పుడు దాని పర్మిట్ ఆంధ్రప్రదేశ్‌లో చెల్లుతుందా అన్నది అందుచేత పన్ను అధికారుల ప్రశ్న మాత్రమే కాదు, బీమా ప్రశ్న కూడా. లైసెన్సు విషయంలో మాత్రం ఒక భయం తొలగింది: తేలికపాటి వాహనాల లైసెన్సు ఉన్నవారు 7,500 కిలోల లోపు రవాణా వాహనాన్ని కూడా నడపవచ్చునని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో తేల్చింది గనుక, నల్ల ప్లేటు కారుకు వేరే బ్యాడ్జి లేదన్న సాకుతో పరిహారం ఎగవేయడానికి వీలు తగ్గింది.

చక్రం పట్టినవాని ప్రాణానికి రక్షణ ఏమిటన్నది అందరూ మరచిపోయే సంగతి. కారు పాలసీతో పాటు తప్పనిసరిగా ఉండే 15 లక్షల రూపాయల వ్యక్తిగత ప్రమాద బీమా యజమాని-డ్రైవరు కోసం ఉద్దేశించినది, అంటే ఆర్‌సీలో పేరు ఉండి స్వయంగా కారు నడుపుతున్న మనిషి కోసం. అద్దెదారు ఆ నిర్వచనంలోకి రాడు. అతడు మూడవ పక్షం కూడా కాడు. అరువు తెచ్చుకున్న వాహనాన్ని నడుపుతూ మరణించిన వ్యక్తి ఆ సమయానికి యజమాని స్థానంలో నిలిచినట్లేనని, అతని కుటుంబం తప్పుతో నిమిత్తం లేని పరిహారాన్ని ఆ వాహనం బీమా నుంచి కోరలేదని, కర్ణాటక నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2009లో చెప్పింది. యజమానికీ మూడవ పక్షానికీ మధ్య ఉన్న ఈ ఖాళీలో అద్దెదారు నిలబడి ఉంటాడు. దానిని పూడ్చుకోవడానికి పెద్ద ఖర్చు అక్కరలేదు. బ్యాంకు ఖాతా నుంచి ఏడాదికి 20 రూపాయలు మినహాయించే ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన ప్రమాద మరణానికి 2 లక్షలు ఇస్తుంది. సంపాదనపరులు ఇంకా పెద్ద మొత్తానికి సొంత ప్రమాద పాలసీ తీసుకోవడం అవసరం. రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు రోజుల వరకు, 1.5 లక్షల రూపాయల దాకా నగదు లేని చికిత్స అందించే కేంద్ర పథకం 2025 మే నుంచి అమలులో ఉన్నందున, ఆస్పత్రిలో మొదటి గంటలకు కొంత ఆదరువు ఉన్నది.

ఇక అద్దె సంస్థలు బుకింగ్ సమయంలో అమ్మే రక్షణ ప్లాన్ సంగతి. మూడు నాలుగు ధరలలో కనిపించే ఈ ప్లాన్‌ను చాలామంది బీమాగా భావిస్తారు. చాలా సందర్భాల్లో అది బీమా కాదు. అద్దెదారు కొంత రుసుము కడితే, కారుకు నష్టం జరిగినప్పుడు ఒక హద్దు దాటిన మొత్తాన్ని అతని దగ్గర వసూలు చేయబోమని సంస్థ ఇచ్చే ఒప్పుకోలు మాత్రమే అది. ఎదుటి మనిషికి తగిలిన దెబ్బకు, అద్దెదారుకు తగిలిన దెబ్బకు అది ఒక్క రూపాయి చెల్లించదు. దాని మినహాయింపులు మరీ ముఖ్యం: టైర్లు, చక్రాల రిమ్ములు, అద్దాలు, కారు అడుగు భాగం, లోపలి సీట్లు, పోయిన తాళం, ఒప్పందంలో పేరు లేని మనిషి నడపడం, తాగి నడపడం, తారు రోడ్డు దిగి వెళ్ళడం, ఆలస్యంగా తెలియజేయడం వంటివి తరచు ఆ జాబితాలో ఉంటాయి. వాతావరణ ఆధారిత పంటల బీమాలో చేను ఎండిపోయినా, వానమాపకంలోని లెక్క షరతుకు సరిపోకపోతే పరిహారం రాదని వేరుశనగ రైతు ఎన్నో సార్లు చూశాడు. ఈ ప్లాన్ల పద్ధతి కూడా అటువంటిదే, జరిగిన నష్టం కన్నా రాసుకున్న మాట బలమైనది.

చిన్న నష్టాలను సంస్థలు బీమాకు పంపకుండా అద్దెదారు దగ్గరే ఎందుకు రాబడతాయో ఒక ఉదాహరణతో తెలుస్తుంది. ముందు బంపరు పగిలి, కొత్తదానికి 8,000 రూపాయలు అయిందనుకుందాం. ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు సాధారణ పాలసీ 50 శాతం తరుగుదల కోస్తుంది గనుక మిగిలేది 4,000. 1500 సీసీ లోపు ప్రైవేటు కారుకు తప్పనిసరి కోత 1,000 పోగా చేతికి వచ్చేది 3,000. దాని కోసం క్లెయిము వేస్తే, క్లెయిములు లేని ఏడాదికి 20 శాతంతో మొదలై 50 శాతం దాకా పెరిగే నో క్లెయిమ్ బోనస్ అనే ప్రీమియం తగ్గింపు పోతుంది. యజమానికి క్లెయిము కన్నా డిపాజిట్ సులువు. తరుగుదల కోత లేకుండా చేసే అదనపు రక్షణను జీరో డిప్రిసియేషన్ అంటారు, వాడుకలో బంపర్ టు బంపర్ అనేది అదే. అద్దె కారుకు అది ఉన్నదా అని అడగడంలో తప్పు లేదు; అద్దెదారు నిజంగా ఎంత భరించవలసి వస్తుందో ఆ సమాధానం మీద ఆధారపడి ఉంటుంది. కారు గ్యారేజీలో ఉన్న రోజుల అద్దెను కూడా ఒప్పందం కోరుతున్నదేమో చూడవలసి ఉంటుంది, ఏ సాధారణ పాలసీ దానిని ఇవ్వదు.

రక్షణను ఎంచుకొనేటప్పుడు ధరల పట్టిక కన్నా ముందు చూడవలసినది వెళ్ళబోయే దారి. అనంతపురం పీఠభూమిలో ఏడాది వాన సగటున 550 మిల్లీమీటర్ల ప్రాంతంలో ఉంటుంది; ఏడాదిలో ఎక్కువ కాలం ఏర్లూ వంకలూ ఇసుకపట్టాలుగా పడి ఉంటాయి, పల్లె దారులు వాటిని కాజ్‌వేల మీదుగా దాటుతాయి. కాని ఇక్కడ వాన ఎక్కువగా పడేది సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో, అంటే సరిగ్గా దసరా సెలవుల చుట్టూ. 2021 నవంబరు 19న చెన్నేకొత్తపల్లి మండలం వెల్దుర్తి దగ్గర చిత్రావతి నదిలో ఒక కారు చిక్కుకుపోగా, అందులోనివారిని కాపాడడానికి జేసీబీతో వెళ్ళినవారు కూడా ప్రవాహంలో ఇరుక్కున్నారు. చివరకు వాయుసేన హెలికాప్టరు వచ్చి పది మందిని బయటికి తీసింది. 2022 అక్టోబరులో నడిమివంక పొంగి అనంతపురం కాలనీలు మునిగాయి. 2024 అక్టోబరులో పండమేరు వంక నీరు 44వ జాతీయ రహదారి మీదికే వచ్చింది. కరవు నేల అన్న పేరు చూసి వరద రక్షణ ఎందుకులే అనుకోవడం ఇక్కడ చేయకూడని తప్పు.

నీళ్ళలో ఆగిపోయిన కారుకు జరిగేదాన్ని కొంచెం వివరంగా చూడాలి. వంక నీరు బంపరు ఎత్తు దాటినప్పుడు గాలి పీల్చే గొట్టం గుండా ఇంజన్ సిలిండర్లలోకి చేరుతుంది. గాలి నలిగినట్లు నీరు నలగదు. ఆగిన ఇంజన్‌ను మళ్ళీ స్టార్టు చేయబోతే, పైకి లేచే పిస్టన్ ఆ నీటిని ఢీకొని కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది, ఇంజన్ మొత్తం విప్పవలసి వస్తుంది. వరద కారును ముంచిన నష్టం సాధారణ ప్యాకేజీ పాలసీలో ఉంటుంది గాని, మునిగిన తరువాత స్టార్టు చేయడం వల్ల ఇంజన్‌కు కలిగిన నష్టాన్ని బీమా సంస్థలు పర్యవసాన నష్టం అంటాయి, అంటే ప్రమాదంలో నేరుగా జరగక, దాని తరువాతి పని వల్ల కలిగినది అని. దానిని అవి తోసిపుచ్చుతాయి. ఇంజన్ ప్రొటెక్ట్ అనే అదనపు రక్షణ తీసుకున్న పాలసీయే ఆ ఖర్చును భరిస్తుంది. వానాకాలపు ప్రయాణానికి అద్దె కారు పాలసీలో ఈ రక్షణ ఉన్నదా, సంస్థ ప్లాన్ నీటి నష్టాన్ని మినహాయిస్తున్నదా అన్న రెండు ప్రశ్నలు తప్పనిసరి. కారు నీటిలో ఆగితే తాళం తిప్పకుండా మనుషులు దిగి, బండిని తోయించి గ్యారేజీకి లాగించడం ఒక్కటే దారి.

మిగిలిన కాలంలో ఈ ప్రాంతపు ప్రమాదాలు వేరు. తాడిపత్రి వైపు బండల లారీలు, టిప్పర్ల వెనుక వెళ్ళే కారు ముందు అద్దానికి రాయి తగలడం మామూలే. అద్దాలకు తరుగుదల కోత లేదు గనుక ప్యాకేజీ పాలసీలో అది పెద్ద నష్టం కాదు. టైరు అలా కాదు: కారుకు కూడా అదే సమయంలో దెబ్బ తగిలితేనే, అదీ సగం ధర వరకే, సాధారణ పాలసీ టైరుకు చెల్లిస్తుంది. సాయంత్రం గొర్రెల మందలు రోడ్డు దాటే చోట జీవాలకు తగిలితే వాటి యజమానికి చెల్లించవలసినది థర్డ్ పార్టీ ఆస్తినష్టం కిందికి వస్తుంది. అక్కడికక్కడే డబ్బు ముట్టజెప్పి పంచాయితీ తెంపుకొన్న అద్దెదారు ఆ సొమ్మును తరువాత ఏ పాలసీ నుంచీ రాబట్టుకోలేడు.

అమెరికాలో స్థిరపడిన తెలుగువారు, వారిని చూడబోయే తల్లిదండ్రులు అక్కడ కారు అద్దెకు తీసుకొనేటప్పుడు ఈ లెక్క తలకిందులవుతుందని తెలుసుకోవాలి. అక్కడ కొలిజన్ డ్యామేజ్ వేవర్ పేరుతో అమ్మేది ఇక్కడి ప్లాన్ వంటి ఒప్పుకోలే, ఎదుటివారి గాయాలకు అది పనికిరాదు. ఎదుటివారి కోసం చట్టం కోరే కనీస బీమాకు అక్కడ గట్టి హద్దు ఉంటుంది: టెక్సాస్‌లో ఒక మనిషి గాయాలకు 30,000 డాలర్లు, ఒక ప్రమాదానికి 60,000, ఆస్తికి 25,000. 2005లో వచ్చిన గ్రేవ్స్ సవరణ వల్ల, అద్దెదారు నిర్లక్ష్యానికి అద్దె సంస్థ కేవలం యజమాని అయినందువల్ల బాధ్యురాలు కాదు. ఆసుపత్రి ఖర్చులు ఆకాశాన్నంటే దేశంలో ఆ కనీస హద్దు మీద ఆధారపడడం సాహసం; సొంత కారు పాలసీ లేని సందర్శకుడు అక్కడ కారు నష్టం కన్నా ముందుగా అదనపు లయబిలిటీ రక్షణ కొనుక్కోవడమే సరైన పని. మన దేశంలో థర్డ్ పార్టీ గాయాలకు హద్దు లేదు, చక్రం పట్టినవానికి రక్షణ లేదు. అక్కడ హద్దు చిన్నది. లోటు ఎక్కడ ఉన్నదో అక్కడే డబ్బు పెట్టాలి.

కారు చేతికి తీసుకొనేటప్పుడు ఆర్‌సీ, పాలసీ, పర్మిట్ ప్రతులను ఫోనులో దాచుకొని, సంస్థ మనిషి ఎదుటే నాలుగు వైపులా, టైర్లను, అడుగు భాగాన్ని, మీటరును వీడియో తీయడం ఆచరణలో అన్ని ప్లాన్ల కన్నా ఎక్కువ మేలు చేస్తుంది. ప్రమాదంలో ఎవరికైనా గాయమైతే పోలీసులకు చెప్పి, సంస్థకు అదే రోజు లిఖితంగా తెలియజేయవలసి ఉంటుంది. మరమ్మతు ఖర్చు అడిగితే గ్యారేజీ బిల్లు, సర్వేయరు నివేదిక, బీమా క్లెయిము నంబరు కోరే హక్కు అద్దెదారుకు ఉందని గట్టిగా చెప్పాలి. పాలసీ యజమాని పేరిట ఉంటుంది గనుక అద్దెదారుకు బీమా అంబుడ్స్‌మన్ తలుపు సాధారణంగా తెరుచుకోదు. అతని దారి వినియోగదారుల చట్టం. 2019 నాటి ఆ చట్టం విపరీతమైన సెక్యూరిటీ డిపాజిట్‌ను, జరిగిన నష్టానికి పొంతన లేని జరిమానాను కోరే ఒప్పందాలను అన్యాయమైన ఒప్పందాలుగా గుర్తించి, వాటిపై ఫిర్యాదును రాష్ట్ర కమిషన్ వినేలా ఏర్పాటు చేసింది. సేవాలోపం మీద, చెల్లించిన మొత్తం 50 లక్షల లోపు ఉన్నప్పుడు, ఫిర్యాదు జిల్లా కమిషన్‌లో వేయవచ్చు. ఫిర్యాదుదారు నివసించే చోటే వేయడానికి ఈ చట్టం అవకాశం ఇచ్చినందువల్ల, బెంగళూరు సంస్థ పట్టుకున్న డిపాజిట్ కోసం అనంతపురం వాసి బెంగళూరు కోర్టుల చుట్టూ తిరగనక్కరలేదు, అనంతపురంలోనే ఫిర్యాదు ఇవ్వవచ్చు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915.